సాలార్‌జంగ్ అంటే మ్యూజియం ఒక్కటే కాదు.. పల్లె లెక్కను మార్చిన దివాన్

హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ పేరు చెప్పగానే అందరికీ మూసీ ఒడ్డున మ్యూజియం గుర్తొస్తుంది. గంట గంటకీ బయటికొచ్చి గంట కొట్టే బొమ్మ గడియారం, ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి బొమ్మ గుర్తొస్తాయి. ఆ వస్తువుల్లో ఎక్కువ భాగం కూడబెట్టింది మూడో సాలార్‌జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. రెబెకాను మాత్రం ఆయన తాతగారు మీర్ తురాబ్ అలీ ఖాన్ 1876లో రోమ్‌లో కొని తెచ్చారు. ఆ తాతగారే మొదటి సాలార్‌జంగ్. 1853 నుంచి 1883 దాకా, అంటే ముప్పై ఏళ్లు, ముగ్గురు నిజాంల కాలంలో హైదరాబాద్ రాజ్యానికి దివాన్‌గా ఉన్న మనిషి.

ఆయన చేసిన పెద్ద పని మ్యూజియంలో కనిపించదు. తెలంగాణలో ఏ ఊళ్లోనైనా పాత భూమి కాగితం బయటికి తీస్తే కనిపిస్తుంది. తహసీల్దార్, జమాబందీ, పహాణీ, ఫసలీ, పట్టా.. ఈ మాటల్లో చాలా భాగం అంతకు ముందు నుంచీ ఉన్నవే. వాటన్నిటినీ ఒక వరసలో పెట్టి, ఊరి లెక్కను గుత్తేదారు చేతిలోంచి తీసి సర్కారు దఫ్తర్‌కు తెచ్చింది మాత్రం ఈయన. అదే పనిలో ఒక పెద్ద లోటు కూడా వదిలిపెట్టారు. ఆ లోటు తీరడానికి నూరేళ్లు పట్టింది.

దివాన్ల ఇంట్లో పుట్టిన కుర్రాడు

మీర్ తురాబ్ అలీ ఖాన్ 1829లో పుట్టారు. ఆ ఇంట్లో దివాన్‌గిరీ కొత్త కాదు. ముత్తాత వరస అయిన మీర్ ఆలం నిజాం దివాన్‌గా పని చేశారు, జూపార్కు పక్కనున్న మీరాలం చెరువు ఆయన పేరు మీదదే. తాత మునీరుల్ ముల్క్ కూడా దివానే. చిన్న వయసులోనే తండ్రి పోయారు. తండ్రి తోబుట్టువు సిరాజుల్ ముల్క్ నీడలో పెరిగారు. ఫార్సీ, అరబీ చదివారు, ఇంగ్లీషు కూడా నేర్చుకున్నారు.

ఇరవై ఏళ్లు నిండకముందే తెలంగాణలో కొన్ని తాలూకాల వ్యవహారం చూసే పని దొరికింది. అంతకు ముందు ఆ తాలూకాలను డైటన్ అనే ఇంగ్లీషాయన చూసేవాడు. ఆ పని ఎక్కువ కాలం సాగలేదు. నెలల లెక్కే. అయినా పన్ను ఎక్కడ పుడుతుంది, ఎన్ని చేతులు మారుతుంది, ఖజానాకు చేరేసరికి ఎంత మిగులుతుంది అనేది కళ్లారా చూసింది అక్కడే. దివాన్ ఇళ్ల పిల్లలకు ఈ చదువు మామూలుగా దొరికేది కాదు.

1853 మే నెలలో సిరాజుల్ ముల్క్ కన్నుమూశారు. అప్పటికి ఆయనే దివాన్. నిజాం నాసిరుద్దౌలా ఆ పదవిని ఇరవై నాలుగేళ్ల తురాబ్ అలీ ఖాన్‌కు ఇచ్చారు. అది సంబరపడే సమయం కాదు. సిరాజుల్ ముల్క్ పోవడానికి కొద్ది రోజుల ముందే ఈస్టిండియా కంపెనీ ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంది. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం ఖర్చు కింద బేరార్, రాయచూర్ దోఆబ్, ధారాశివ్ ప్రాంతాలు కంపెనీ చేతికి పోయాయి. పత్తి పండే నల్లరేగడి నేలలు అవి. రాబడి పోయింది, బాకీలు మాత్రం మిగిలాయి.

పన్ను వేలం పాట

అప్పటి పల్లె ఎలా నడిచేదో తెలిస్తే గానీ ఈ కుర్ర దివాన్ ఏం చేశారో అర్థం కాదు.

చందూలాల్ కాలం నుంచి, అంటే 1800ల మొదట్లోంచి, రాజ్యంలో పన్ను వసూలు చాలావరకు ఇజారా మీద నడిచేది. ఒక తాలూకా పన్ను వసూలు హక్కును ఎవరో ఒకరు గుత్తకు తీసుకుంటారు. సర్కారుకు ముందుగా ఇంత అని కడతారు, పైగా నజరానా. ఆ పైన రైతు దగ్గర ఎంత పిండుకుంటే అంత లాభం. వీళ్లను తాహుద్‌దార్లు అనేవాళ్లు. పెద్ద గుత్తేదారు చిన్న గుత్తేదారుకు ఇచ్చేవాడు, వాడు ఇంకొకరికి. వ్యాపారం తెలిసిన వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది: సబ్ కాంట్రాక్టు పెరిగిన కొద్దీ అందరి లాభమూ చివరి వాడి నెత్తి మీద పడుతుంది. ఇక్కడ చివరి వాడు రైతు. పైగా గుత్త ఎన్నాళ్లుంటుందో గ్యారంటీ లేదు. ఇంకొకడు ఎక్కువ నజరానా ఇస్తే మధ్యలోనే తాలూకా చేయి మారేది. అలాంటప్పుడు వచ్చే ఏటికి చెరువు కట్ట బాగుండాలని, రైతు ఊళ్లోనే నిలవాలని గుత్తేదారుకు ఎందుకు అనిపిస్తుంది? ఈ ఏడే వీలైనంత లాగేసుకునేవాడు.

ఇంకో తంటా తాకట్లు. సైన్యానికి జీతాలిచ్చే డబ్బు ఖజానాలో లేక, అరబ్ జమేదార్లకు, రోహిల్లా, పఠాన్ సర్దార్లకు, సాహుకార్లకు తాలూకాలే రాసిచ్చేవాళ్లు. జీతం మీరే వసూలు చేసుకోండి అన్నట్టు. ఇది చదివి బార్కస్ వైపు కుటుంబాలు నొచ్చుకోనక్కర్లేదు. దూరం నుంచి వచ్చి కత్తి పట్టి కొలువు చేసిన వాళ్లకు నెలల తరబడి జీతం ఇవ్వకపోవడం సర్కారు తప్పే. కానీ ఆ బాకీ తీర్చింది మాత్రం జమేదారు మొహం కూడా ఎరగని రైతులు.

ఊళ్లో పన్ను ఎక్కువగా ధాన్యం రూపంలోనే ఉండేది, ముఖ్యంగా తెలంగాణ మాగాణిలో. పంట కోసి కళ్లంలో పోస్తే, సర్కారు వాటా తేలేదాకా రైతు గింజ ముట్టుకోకూడదు. గుత్తేదారు మనిషి ఎప్పుడొస్తే అప్పుడే కొలత. ఈ లోపు వాన పడితే పోయేది ఎవరిదో చెప్పక్కర్లేదు. ఊరికి పటేల్ ఉన్నాడు, లెక్క రాసే పట్వారీ ఉన్నాడు. పరగణాకు దేశ్‌ముఖ్, దేశ్‌పాండ్యాలు ఉన్నారు. అందరివీ వంశపారంపర్య హక్కులే. ఎవరి వాటా వాళ్లు తీసుకునేవాళ్లు. పోలీసు, న్యాయం కూడా దాదాపు గుత్తేదారు చేతిలోనే.

తాకట్లు విడిపించడం

సాలార్‌జంగ్ ఒక్క రాత్రిలో ఏదీ మార్చలేదు, మార్చగలిగే బలం కూడా ఆయనకు లేదు. మొదట చేసిన పని అప్పుల లెక్క తేల్చడం. ఎవరికి ఎంత బాకీ, అసలెంత, వడ్డీ ఎంత, ఏ తాలూకా ఎవరి చేతిలో ఉంది అని చూసుకుంటూ ఒక్కొక్కటీ వెనక్కి తీసుకున్నారు. అరబ్ జమేదార్లతో నేరుగా తగవు పెట్టుకోకుండా వాళ్ల బాకీలకు కిస్తీలు కట్టి, తాలూకాలు విడిపించుకున్నారు. విడిపించిన చోట గుత్తేదారును కాకుండా జీతం మీద తాలూక్‌దార్‌ను పెట్టడం మొదలైంది.

డబ్బు రూపంలో పన్ను కట్టమనాలంటే ముందు డబ్బు నమ్మకంగా ఉండాలి. అప్పుడు గద్వాల, నారాయణపేట లాంటి చోట్ల కూడా టంకశాలలు నడిచేవి, ఒక చోటి రూపాయికి ఇంకో చోట బట్టా కోసేవాళ్లు. ఆ బట్టా దగ్గర లాభపడేది సాహుకారే. సాలార్‌జంగ్ హయాంలో హైదరాబాద్ టంకశాల నుంచి వచ్చే హాలీ సిక్కా రాజ్యమంతటికీ నాణెం అయింది. రైతు జేబు లెక్కలో చూస్తే ఇది చాలా పెద్ద మార్పు.

ఇదంతా జరుగుతుండగానే 1857 వచ్చింది. ఈ విషయం దాటేసి ఆయన జీవితం చెప్పడం న్యాయం కాదు. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీలోని రెసిడెన్సీ మీదికి వెళ్లారు. సాలార్‌జంగ్ ఇంగ్లీషు వాళ్ల పక్షాన నిలబడ్డారు. తుర్రేబాజ్ ఖాన్‌ను పట్టుకున్నారు, ఆయన జైలు తప్పించుకుని 1859లో తుపాకీ గుళ్లకు బలయ్యారు. మౌల్వీ అలావుద్దీన్ అండమాన్‌లో చనిపోయారు. మన ఇళ్లలో ఇప్పటికీ కొందరు సాలార్‌జంగ్ పేరెత్తితే మూతి ముడుచుకోవడానికి కారణం ఇదే. ఢిల్లీకి పట్టిన గతి హైదరాబాద్‌కు పట్టకుండా కాపాడారని ఇంకొందరంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. తుర్రేబాజ్ ఖాన్ త్యాగాన్ని చిన్నది చేస్తే గానీ దివాన్‌ను మెచ్చుకోలేమని అనుకోవడం మాత్రం పొరపాటు. 1860లో ఇంగ్లీషు వాళ్లు రాయచూర్ దోఆబ్, ధారాశివ్ తిరిగిచ్చారు, యాభై లక్షల బాకీ కొట్టేశారు. బేరార్ మాత్రం ఇవ్వలేదు. దాని కోసం ఆయన బతికినంత కాలం అడుగుతూనే ఉన్నారు, 1876లో లండన్ దాకా వెళ్లారు. ఆ ప్రయాణంలోనే పారిస్ హోటల్లో మెట్ల మీద జారి తుంటి దగ్గర ఎముక విరిగింది. బేరార్ రాలేదు.

జిల్లాబందీ

1864లో మాల్‌గుజారీ వ్యవహారాలకు ఒక మజ్లిస్ ఏర్పాటైంది. మరుసటి ఏడు, 1275 ఫసలీలో, అంటే 1865లో జిల్లాబందీ వచ్చింది. ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పని ఇదే.

సర్కారు నేరుగా పాలించే దివానీ భూభాగాన్ని జిల్లాలుగా విడగొట్టారు. ఒక్కో జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్, ఆయన కింద దోయమ్, సోయమ్ తాలూక్‌దార్లు. ఇప్పటి కలెక్టరు, ఆయన కింది అధికారులు అనుకోవచ్చు. తాలూకాకు ఒక తహసీల్దార్. తర్వాత కొన్ని జిల్లాలు కలిపి ఒక డివిజన్ చేసి, పైన సదర్ తాలూక్‌దార్‌ను పెట్టారు. ఇందూర్, ఎలగందల్ అప్పటి జిల్లా పేర్లే. ఒకటి తర్వాత నిజామాబాద్, ఇంకొకటి కరీంనగర్ అయ్యాయి. వీళ్లందరికీ నెల జీతం. వసూలు ఎక్కువ చేస్తే లాభం, తక్కువైతే నష్టం అనే గుత్తేదారు లెక్క పోయింది. కోర్టులు, పోలీసు, పన్ను ఒకే చేతిలో ఉండకుండా శాఖలు కూడా విడివిడిగా రూపం తీసుకున్నాయి.

పల్లెలో ఏం మారింది? పటేల్ పని రెండు ముక్కలైంది. పన్ను వసూలు చూసేవాడు మాలీ పటేల్, దొంగతనాలు, తగాదాలు, చావుల కబురు ఠాణాకు చేర్చేవాడు పోలీస్ పటేల్. లెక్క రాసేవాడు పట్వారీ. వీళ్లకు వసూలు మీద కొంత శాతం చొప్పున ముట్టేది, ఊళ్లో దాన్ని స్కేలు అనేవాళ్లు. వీళ్ల కింద సేత్‌సింధీ, చెరువు తూము చూసే నీరడి, మస్కూరి లాంటి పనివాళ్లు. ధాన్యం వాటా స్థానంలో నగదు శిస్తు మెల్లగా వచ్చింది. కళ్లంలో పంట పెట్టుకుని ఎదురుచూసే బాధ తప్పింది. అయితే ఇంకో బాధ మొదలైంది. కిస్తీ గడువు లోపల రొక్కం కావాలి, రొక్కం కోసం పంట అగ్గువకు అమ్మాలి, లేదా సాహుకారు గుమ్మం తొక్కాలి.

ఒక సంగతి ఆశ్చర్యంగా ఉంటుంది. పల్లెల పాలన మొత్తం తిరగరాసిన ఈ మనిషికి పల్లెలు వెళ్లి చూసే స్వేచ్ఛ లేదు. నిజాం అనుమతి లేకుండా దివాన్ నగరం దాటకూడదు. అఫ్జలుద్దౌలా కాలంలో ఈ కట్టడి ఎంత గట్టిదంటే తన దేవ్‌డీలోనే దాదాపు బందీ అన్నమాట. నిజాంకు ఆయన మీద పూర్తి నమ్మకం ఉండేది కాదు, తీసేయాలని ప్రయత్నాలు జరిగాయి. 1859లో దర్బార్ నుంచి రెసిడెంట్‌తో కలిసి బయటికొస్తుంటే దాడి జరిగింది, 1868లో మళ్లీ తుపాకీ పేల్చారు. ఎవరి లాభాలు పోయాయో ఆలోచిస్తే శత్రువులు ఎందుకు అంతమందో అర్థమవుతుంది. కాబట్టి జిల్లాబందీ అంతా కాగితాల మీద, రిపోర్టుల మీద, దూరం నుంచి నడిచింది. 1869లో అఫ్జలుద్దౌలా పోయి, మూడేళ్లయినా నిండని మహబూబ్ అలీ పాషా గద్దెనెక్కాక, సాలార్‌జంగ్, అమీరె కబీర్ ఇద్దరూ రాజప్రతినిధులయ్యారు. అప్పుడే ఆయనకు బయటికి కదిలే వీలు చిక్కింది. అదే ఏడు హైదరాబాద్ నగరానికి మున్సిపాలిటీ ఏర్పాటు మొదలైంది. పల్లెకు మాత్రం అలాంటిదేదీ రాలేదు. ఊరివాళ్లు కూర్చుని తమ చెరువు గురించి, తమ బాట గురించి తీర్మానం చేసే పద్ధతి ఆయన ఆలోచనలో లేదు. పల్లెను సరిగ్గా పాలించాలనుకున్నారు గానీ, పల్లెను అడగాలనుకోలేదు.

కలం ఎవరి చేతిలో?

లోటు ఇక్కడే ఉంది. జిల్లా నుంచి తాలూకా దాకా జీతం మీద పనిచేసే, బదిలీ అయ్యే అధికారి వచ్చాడు. ఊళ్లోకి వచ్చేసరికి పాత వంశాలే కొనసాగాయి. పటేల్ కొడుకు పటేల్, పట్వారీ కొడుకు పట్వారీ. తహసీల్దార్ రెండేళ్లకోసారి మారతాడు, పట్వారీ మారడు. ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారు, ఎవరి శిస్తు బాకీ ఉంది, ఎవరి తండ్రి పోతే ఎవరి పేరు ఎక్కించాలి.. అన్నీ పట్వారీ దఫ్తరంలోనే. ఆ దఫ్తరం ఉండేది కచేరీలో కాదు, పట్వారీ ఇంట్లో. వేల ఊళ్లలో కొత్త మనుషులను పెట్టి జీతాలివ్వడానికి అప్పటి ఖజానా సరిపోదనే మాట నిజమే. తక్కువ ఖర్చులో పని నడవాలంటే ఉన్నవాళ్లతోనే నడపాలి. కానీ ఆ పొదుపుకు చెల్లించిన ధర మాత్రం సర్కారు పద్దులో ఎక్కడా పడలేదు.

భాష కూడా రైతుకు అడ్డమే. ఊరి లెక్క తెలంగాణలో తెలుగులో, మరాఠ్వాడాలో మరాఠీలో, కింది వైపు కన్నడలో ఉండేది. పైన దఫ్తర్లలో ఫార్సీ. సాలార్‌జంగ్‌కు ఫార్సీ మీద మక్కువ ఎక్కువ. ఆయన ఉన్నంత కాలం అదే నడిచింది, ఉర్దూ సర్కారీ భాష అయింది ఆయన పోయాకే. ఊళ్లోని సామాన్య ముసల్మాన్‌కు కూడా ఆ ఫార్సీ రాదు, అతను కూడా పక్కింటి కాపు లాగే ఎవరితోనో చదివించుకోవాల్సిందే. సర్కారు మన మతం వాళ్లది అయినంత మాత్రాన కాగితం మనకు అర్థమవుతుందని లేదు కదా.

దేశ్‌ముఖ్‌ల సంగతి ఇంకా ముఖ్యం. జిల్లాబందీతో వాళ్ల వసూలు అధికారం పోయింది. దానికి బదులుగా రుసూం పేరుతో ఏటా కొంత మొత్తం ఇచ్చేలా ఏర్పాటు చేశారు. దివాన్ దృష్టిలో ఇది తెలివైన బేరం: పాత పెద్దలను కోపగించకుండా పక్కకు తప్పించడం. అయితే 1875 నుంచి సర్వే, సెటిల్‌మెంట్ మొదలైంది. ఉత్తరాది నుంచి ఆయన పిలిపించిన అధికారి మెహదీ అలీ, తర్వాత మొహ్‌సినుల్ ముల్క్‌గా పేరుపడ్డ ఆయన, ఈ పనికి నాయకత్వం వహించారు. గొలుసు పట్టి భూమి కొలవడం, నంబరు ఇవ్వడం, ఎవరి పేరు మీద ఉందో రాయడం. ఈ రాతతోనే రైతుకు మొదటిసారి తన పొలం మీద కాగితం దొరికింది. అదే రాతతో, పాత లెక్కలన్నీ చేతిలో ఉన్న దేశ్‌ముఖ్‌లు, పలుకుబడి ఉన్న పటేళ్లు మంచి భూములు తమ పేర్ల మీద ఎక్కించుకోవడం కూడా చాలా చోట్ల జరిగింది. చదువు రాని రైతు తాను దున్నే నేల తనది కాదని తెలుసుకునేసరికి తరం మారిపోయేది. 1946లో తెలంగాణ పల్లెలు ఎవరి మీద తిరగబడ్డాయో చూస్తే, విసునూరు దేశ్‌ముఖ్ లాంటి పేర్లే ముందు వినిపిస్తాయి. ఆ గడీల కోపానికి వేరు ఈ రికార్డుల్లో కూడా ఉంది.

దీనికి సాలార్‌జంగ్‌ను ఒక్కణ్నే బాధ్యుణ్ని చేయడం సరికాదు. సర్వే ఆయన బతికుండగా మొదలైందంతే, అది ముగిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. పైగా రాజ్యంలో పెద్ద భాగం ఆయన చేతిలోనే లేదు. నిజాం సొంత సర్ఫెఖాస్ ఊళ్లు, పాయెగాలు, జాగీర్లు, గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలు వేటికవే. పక్కపక్క ఊళ్లే, ఒకటి దివానీ, ఒకటి జాగీర్. ఒక ఊళ్లో తహసీల్దార్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, ఇంకో ఊళ్లో జాగీర్దారు మనిషి చెప్పిందే మాట. జాగీర్లు రద్దయింది 1949లో.

ఉత్తరాది నుంచి వచ్చిన అధికారుల విషయంలో కూడా రెండు వైపులా చూడాలి. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహ్‌సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్, చిరాగ్ అలీ, డిప్యూటీ నజీర్ అహ్మద్.. అలీగఢ్ ఉద్యమంతో సంబంధమున్న ఇంత మంది ఉద్దండులు ఒకే దివాన్ కింద పనిచేయడం మామూలు విషయం కాదు. వాళ్ల పనితనంతోనే శాఖలు నిలబడ్డాయి. కానీ స్థానికులకు ఉద్యోగాలు ఎక్కడ అనే ప్రశ్న అప్పటి నుంచే పుట్టింది. ముల్కీ, నాన్ ముల్కీ అనే మాటలు తర్వాత తెలంగాణ రాజకీయాల్లో ఎంత దూరం వెళ్లాయో అందరికీ తెలుసు. 1850లలోనే దారుల్ ఉలూమ్ స్థాపించింది కూడా ఆయనే. అయినా ఆ చదువు నుంచి తహసీలు దఫ్తర్లు నింపేంత మంది తయారు కావడానికి సమయం చాల్లేదు.

ఫిబ్రవరి 1883

1883 ఫిబ్రవరి మొదటి వారంలో జర్మనీ నుంచి ఒక రాజకుమారుడు హైదరాబాద్ వచ్చాడు. ఆయనతో కలిసి సాలార్‌జంగ్ మీరాలం చెరువు మీద పడవ షికారు చేశారు. ఆ తర్వాతే కలరా పట్టుకుంది. ఫిబ్రవరి 8న ఇంతెఖాల్ అయ్యారు. వయసు యాభై నాలుగు. దాయిరా మీర్ మోమిన్‌లో, సొంత వాళ్ల మధ్య దఫన్ చేశారు. మహబూబ్ అలీ పాషాకు పూర్తి అధికారాలు వచ్చే రోజు చూడకుండానే వెళ్లిపోయారు. మరుసటి ఏడు ఆయన కొడుకు లాయఖ్ అలీ ఖాన్ రెండో సాలార్‌జంగ్‌గా దివాన్ అయ్యారు.

ఊళ్లల్లో ఆయన పెట్టిన వరస అలాగే నడిచింది. నిజాం రాజ్యం పోయింది, పట్వారీ ఉన్నాడు. 1954-55 ఖాస్రా పహాణీ రాసింది పట్వారీ వ్యవస్థే. ఇప్పటికీ భూమి తగాదా కోర్టుకెక్కితే వకీలు మొదట అడిగే కాగితాల్లో అది ఒకటి. ఆంధ్రప్రదేశ్ వచ్చింది, పట్వారీ ఉన్నాడు. ఊరికి సర్పంచ్ వచ్చాడు, పంచాయతీ ఆఫీసు వచ్చింది. అయినా భూమి పని ఉంటే జనం వెళ్లింది పట్వారీ గుమ్మానికే.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి తెలంగాణలో పటేల్, పట్వారీ, ఆంధ్రలో కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. జిల్లాబందీ తర్వాత ఊరి కలం వంశాల చేతుల్లోంచి పోవడానికి 119 ఏళ్లు పట్టిందన్నమాట. ఆ స్థానంలో సర్కారు ఉద్యోగులు వచ్చారు. పేర్లు మారుతూ మారుతూ చివరికి వీఆర్వో అయింది. ఊళ్లల్లో పెద్దవాళ్లు మాత్రం వీఆర్వోను కూడా చాలా రోజులు పట్వారీ అనే పిలిచారు. మస్కూరి వీఆర్ఏ అయ్యాడు.

2020 సెప్టెంబర్ 7న తెలంగాణ ప్రభుత్వం వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ వెంటనే స్వాధీనం చేసుకోమని కలెక్టర్లకు ఆదేశాలిచ్చింది. పహాణీలు, రిజిస్టర్లు మోసుకుని వీఆర్వోలు తహసీల్ ఆఫీసుల ముందు వరస కట్టారు. ఆ వారంలోనే అసెంబ్లీలో చట్టం వచ్చి ఆ పదవి రద్దయింది. దఫ్తరం తీసుకుని సంతకం పెట్టిన అధికారి హోదా పేరు మాత్రం తహసీల్దారే.